పేరున్న పుస్తకమే పెద్దదిక్కు

ఉక్కును నమ్ముకుని భిలాయ్ చేరిన తెలుగువారూ, ఆ ఉక్కు కోసం భూములు వదులుకున్న స్థానికులూ ఇప్పుడు కలిసి ముసలివాళ్లవుతున్నారు. చివరి రోజుల్లో ఎవరికి ఏ ఆసరా అన్నది ఎప్పటివో పాత హాజరు పట్టీలు తేలుస్తున్నాయి.

భిలాయ్ సెక్టర్-9లోని జవాహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రికి వచ్చే వృద్ధుల చేతుల్లో ఒక వస్తువు తప్పకుండా కనిపిస్తుంది. పాలిథిన్ సంచిలో జాగ్రత్తగా చుట్టి పెట్టుకున్న మెడికల్ బుక్. అంచులు నలిగి, అట్ట మెత్తబడి, డాక్టర్ల చేతిరాతతో నిండిపోయిన ఆ పుస్తకమే ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఉద్యోగికీ, అతని భార్యకూ ఆసుపత్రి తలుపులు తెరిచే తాళం చెవి. చీటీ కోసం నిలబడ్డ వరుసలో హిందీ, ఛత్తీస్‌గఢీ, బెంగాలీ, మలయాళంతో పాటు శ్రీకాకుళం యాస తెలుగు కూడా ధారాళంగా వినిపిస్తుంది. 'సుగరెంతొచ్చింది?' అన్న ప్రశ్న ఇక్కడ 'బాగున్నారా?' స్థానాన్ని ఎప్పుడో ఆక్రమించింది.

ఆ పుస్తకం లేనివాళ్లు ఆ వరుసలో కనిపించరు. అదే కర్మాగారంలో, అదే కొలిమి వేడిలో, బహుశా అంతకంటే బరువైన పని చేసినవాళ్లు వారిలో ఎందరో ఉన్నారు. తేడా ఒక్కటే. ఒకరి పేరు కంపెనీ రిజిస్టరులో ఉంది, మరొకరి పేరు కాంట్రాక్టరు జేబులోని నోటుబుక్కులో ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆ తేడా జీతంలో కనిపించేది. డెబ్బై దాటాక మోకాలి నొప్పిలో, కంటి శుక్లంలో, మంచం పక్కన ఎవరున్నారన్న దాంట్లో కనిపిస్తోంది.

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందంతో మొదలైన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దుర్గ్ పక్కన పొలాలూ చెరువులూ తప్ప ఏమీ లేని చోట రష్యన్ ఇంజినీర్ల నక్షాల మీద పట్టణం లేచింది. దానికి కావలసిన చేతులు దేశం నలుమూలల నుంచీ వచ్చాయి. ఉత్తరాంధ్ర నుంచి రావడానికి దారి అప్పటికే సిద్ధంగా ఉంది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ చేరే రైలుమార్గం 1931లోనే పూర్తయింది. అంతకుముందు బతుకుతెరువుకు రంగం వెళ్లే అలవాటున్న జిల్లాలవి. రెండో ప్రపంచ యుద్ధంతో బర్మా దారి మూసుకుపోయాక ఖరగ్‌పూర్, టాటానగర్, ఆ తర్వాత రూర్కెలా, భిలాయ్ ఆ స్థానాన్ని భర్తీ చేశాయి. విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో ఉద్యమం జరిగేనాటికే వేల మంది తెలుగువారు పొరుగు రాష్ట్రాల కొలిమిల దగ్గర చెమటోడుస్తున్నారు.

మట్టి తవ్వడానికీ, గోడలు కట్టడానికీ వచ్చినవాళ్లు క్యాంప్-1, క్యాంప్-2ల్లోని పాకల్లో దిగారు. వారిలో కొందరు కర్మాగారంలో పర్మినెంటు అయ్యారు. వారికి సెక్టర్లలో క్వార్టర్లు వచ్చాయి. కానివాళ్లు క్యాంపుల్లోనో, ఖుర్సీపార్‌లోనో ఉండిపోయారు. సెక్టర్-5లో ఆంధ్ర సాహిత్య సమితి ఆధ్వర్యంలోని బాలాజీ గుడి రెండు రకాల తెలుగువారికీ ఉమ్మడి చిరునామా. అక్కడ ప్రసాదం దగ్గర తేడా లేదు. గుడి మెట్లు దిగాక ఉంది.

భిలాయ్‌ని 1990ల నుంచి అధ్యయనం చేసిన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ 2020లో వెలువరించిన 'క్లాసెస్ ఆఫ్ లేబర్' అనే పెద్ద గ్రంథం మొత్తం ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. ఊళ్లో వాడుకలో ఉన్న రెండు మాటలనే ఆయన పట్టుకున్నారు. పర్మినెంటు కొలువు 'నౌకరీ', రోజుకూలీ 'కామ్'. ఒకే ఫ్యాక్టరీ గేటులోంచి లోపలికి వెళ్లే ఈ ఇద్దరూ క్రమంగా ఒకరికొకరు సంబంధం లేని రెండు వర్గాలుగా మారిపోయారన్నది ఆయన వాదన. స్థానికుల సంగతి మరింత విచిత్రం. భూములు పోయిన గ్రామాలవారే మొదట్లో కర్మాగారంలోకి వెళ్లడానికి వెనకాడారు. పునాదులకూ కొలిమికీ నరబలి ఇస్తున్నారన్న పుకార్లు అప్పట్లో బలంగా ఉండేవని పారీ రాశారు. భయం తీరి, పర్మినెంటు ఉద్యోగం విలువ తెలిసేసరికి చాలా కొలువులు బయటివారితో నిండిపోయాయి. ఛత్తీస్‌గఢీలు సోమరులన్న అపవాదు మాత్రం వారికి మిగిలింది. తమ నేల మీదే వారు ఒకరకంగా వలసజీవులయ్యారు.

గనులతో కలిపి 1980ల మధ్యనాటికి కర్మాగారం ఉద్యోగుల సంఖ్య 60 వేలు దాటింది. ఇప్పుడు అందులో మూడోవంతు కూడా లేదు. ఉత్పత్తి తగ్గలేదు సరికదా, పెరిగింది. ఆధునికీకరణ, స్వచ్ఛంద విరమణలు, ఖాళీల్ని భర్తీ చేయకపోవడం, ఆ పనుల్ని కాంట్రాక్టర్లకు అప్పగించడం కలిసి ఈ పట్టణాన్ని ఉద్యోగుల ఊరి నుంచి రిటైరైనవారి ఊరిగా మార్చాయి. ఒకప్పుడు జబ్బుచేసి పనికి పనికిరాకుండా పోయిన కార్మికుడి స్థానంలో కొడుక్కి ఉద్యోగం దొరికే అవకాశం ఉండేది. ఆ దారి కాలక్రమంలో సన్నబడిపోయింది. తండ్రి నౌకరీ కొడుక్కి రాలేదంటే తండ్రి ముసలితనంలో ఆ కొడుకు ఊళ్లో ఉండడనే అర్థం.

ఉండకపోవడానికి మరో కారణం కూడా ఉంది. అది భిలాయ్ గర్వంగా చెప్పుకునేది. కర్మాగారం నడిపిన బడులు బాగుండేవి. కోచింగ్ సంస్కృతి ముదరక ముందే ఐఐటీలకు పిల్లల్ని పంపిన ఊరిగా భిలాయ్‌కి పేరుంది. 2016లో ఏకంగా ఐఐటీయే ఇక్కడికి వచ్చింది. శ్రీకాకుళం నుంచి గమేళా మోయడానికి వచ్చినవాడి మనవడు బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో కంప్యూటర్ ముందు కూర్చున్నాడంటే అది ఆ బడుల చలవే. సెక్టర్లలో భార్యాభర్తలు ఇద్దరే మిగిలిన ఇళ్లు కోకొల్లలు కావడం కూడా ఆ చలవలో భాగమే. పిల్లలు బాగా చదివితే తల్లిదండ్రులు ఒంటరివాళ్లవుతారన్న సూత్రం అమలాపురానికీ గుంటూరుకూ కూడా తెలిసిందే. అయితే అక్కడ పక్కవీధిలో పిన్నో, మేనత్తో ఉంటుంది. ఇక్కడ పక్క క్వార్టర్‌లో బీహారీ కుటుంబం. ముప్ఫై ఏళ్ల స్నేహంలో ఆత్మీయతకు లోటు లేకపోవచ్చు. రాత్రి మూడు గంటలకు పక్కబట్టలు మార్చమని అడిగే చనువు వేరు.

ఆ క్వార్టర్ కూడా తమది కాదు. రిటైరయ్యాక ఖాళీ చేయాల్సిందే. 2000ల తొలి ఏళ్లలో కంపెనీ కొన్ని వేల ఇళ్లను ఉద్యోగులకు దీర్ఘకాలిక లీజుకు ఇచ్చింది. ఆ అవకాశం అందుకున్నవారు అదృష్టవంతులు. అందుకోని కొందరు గడువు దాటినా క్వార్టర్లలోనే కొనసాగారు, పెనాల్టీ అద్దె నెలనెలా పేరుకుపోయింది. అలాంటి బకాయిని గ్రాట్యుటీ నుంచి మినహాయించుకోవచ్చా అన్న ప్రశ్న స్టీల్ అథారిటీకి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మినహాయించుకోవచ్చని 2020 డిసెంబరులో కోర్టు చెప్పింది. జీవితమంతా దాచుకున్న సొమ్మూ, తలమీది కప్పూ రెండింట్లో ఒకదాన్ని ఎంచుకోవాల్సిన పరిస్థితి అరవై ఏళ్లు దాటినవారికి నిజంగానే ఎదురవుతోంది.

పర్మినెంటు ఉద్యోగి పరిస్థితే ఇలా ఉంటే మిగతావారి సంగతి ఒక లెక్కలో చూడొచ్చు. 1970లలో శ్రీకాకుళం జిల్లాలోని ఏదో ఒక పల్లె నుంచి అన్నదమ్ములిద్దరు భిలాయ్ వచ్చారనుకుందాం. మూడోవాడు ఊళ్లోనే ఉండి కూలికి వెళ్లాడు. పెద్దవాడికి కర్మాగారంలో నౌకరీ దొరికింది. రెండోవాడు కాంట్రాక్టరు దగ్గర చేరాడు. ముగ్గురికీ డెబ్బై దాటాయి.

పెద్దవాడికి రిటైరైనప్పుడు గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ వచ్చాయి. ప్రభుత్వోద్యోగి తరహా పెన్షన్ రాలేదు. వచ్చేది 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకం కింద లెక్కకట్టే స్వల్ప మొత్తం. ఎందుకంటే ఆ లెక్క అసలు జీతం మీద కాదు, ఒక పరిమితి మీద. 2014 సెప్టెంబరు వరకు ఆ పరిమితి 6,500 రూపాయలే. అధిక పెన్షన్ మీద 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా 2014 సెప్టెంబరుకు ముందే ఆప్షన్ ఇవ్వకుండా రిటైరైనవారికి అక్కరకు రాలేదు. అయినా అతని చేతిలో మెడికల్ బుక్ ఉంది. ఏటా ప్రీమియం కడితే ఇతర ఊళ్లలోనూ పనికొచ్చే మెడిక్లెయిమ్ ఉంది. రోగం వస్తే అప్పు చేయక్కర్లేదు.

రెండోవాడి ప్రావిడెంట్ ఫండ్ ఖాతా కాంట్రాక్టరు మారినప్పుడల్లా మారింది. కొన్నేళ్లు అసలు కట్టనే లేదు. ఖాతాలన్నిటినీ కలిపే సార్వత్రిక నంబరు 2014లో గానీ రాలేదు. పదేళ్ల సర్వీసు కాగితాల మీద రుజువైతేనే పెన్షన్. రుజువైనా కనీస మొత్తం 2014 నుంచి వెయ్యి రూపాయలు. ఇఎస్ఐ నిబంధనల్లో మాత్రం చాలామందికి తెలియని ఒక మంచి వెసులుబాటు ఉంది. కనీసం ఐదేళ్లు బీమా ఉండి పదవీ విరమణ వయసుకు చేరినవారు ఏడాదికి 120 రూపాయలు కడితే తమకూ భార్యకూ వైద్యం పొందొచ్చు. కాకపోతే ఫలానా రోజున ఇతను రిటైరయ్యాడని యజమాని రాసివ్వాలి. కాంట్రాక్టు కూలీ ఎప్పుడూ రిటైరు కాడు. ఒకరోజు ఒంట్లో ఓపిక లేక వెళ్లడం మానేస్తాడు, అంతే.

అతనికి మిగిలింది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్. ఛత్తీస్‌గఢ్‌లో అది 2023లో 350 రూపాయల నుంచి 500కు పెరిగింది. అర్హురాలైన మహిళకైతే 2024 మార్చిలో మొదలైన మహతారీ వందన్ పథకం కలుపుకుని మొత్తం వెయ్యి అవుతుంది. ఇక ఊళ్లోనే ఉండిపోయిన మూడోవాడికి 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 4,000 రూపాయలు ఇస్తోంది. అదీ ఇంటికి తెచ్చి చేతిలో పెడుతుంది. ముగ్గురిలో ఎక్కడికీ వెళ్లనివాడు, ఎక్కువ కష్టపడి ఎక్కువ దూరం వెళ్లిన రెండోవాడికంటే ఎనిమిది రెట్లు నయం. భిలాయ్ బస్తీల్లో ఈ పోలిక తెలియని తెలుగు ఇల్లు ఉండదు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చినవాళ్లు మోసుకొచ్చే కబుర్లలో ఇదే ముఖ్యమైనది.

వెనక్కి వెళ్లి పెన్షన్ తీసుకోవచ్చు కదా అనొచ్చు. బియ్యం కార్డు కావాలి, ఆధార్‌లో ఆ ఊరి చిరునామా కావాలి, ముందు ఆ ఊళ్లో ఓ చూరు కావాలి. ఒకే దేశం ఒకే రేషన్ పుణ్యాన 2022 నాటికి బియ్యం రాష్ట్రాల సరిహద్దులు దాటాయి. పెన్షన్ మాత్రం దాటలేదు. 1979 నాటి అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టం కూడా పనిలో ఉన్నంతకాలమే వలసవాడిని గుర్తించింది. వలసవాడు ముసలివాడవుతాడన్న ఊహ దానికి లేదు.

డబ్బు సంగతి అలా ఉంచితే, అసలు మనిషిని కనిపెట్టుకుని ఉండే పని ఎవరిది? ఈ ప్రశ్నకు సెక్టర్‌లోనూ క్యాంపులోనూ జవాబు ఒకటే: ఇంట్లో ఉన్న ఆడమనిషిది. కూతురు, కోడలు, లేదా తానే అరవై ఐదు దాటిన భార్య. మొదటి తరం తెలుగువారు భిలాయ్‌లో ఉంటూ పెళ్లి సంబంధాలు మాత్రం ఉత్తరాంధ్ర నుంచే తెచ్చుకున్నారు. వాటిలో మేనరికాలు ఎక్కువ. చుట్టూ ఉన్న ఉత్తరాది కుటుంబాలకు మేనమామ కూతుర్ని చేసుకోవడం అంటే చెవులు మూసుకునేంత వింత. కానీ ఆ ఏర్పాటు మంచం పట్టిన అత్తగారికి ఎంతో మేలు చేసింది. ఆమెకు అన్నం తినిపించేది కోడలు కాదు, సొంత అన్న కూతురు. రెండో తరానికి వచ్చేసరికి మేనరికాలు తగ్గాయి, చదువుకున్న కోడళ్లు ఉద్యోగాలకు వెళ్తున్నారు. సేవ చేసే బాధ్యత మాత్రం వారి పేరు మీదే ఉండిపోయింది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం పిల్లల నుంచి నెలకు పది వేల దాకా భరణం ఇప్పించగలదు. తల దువ్వే చేతుల్ని ఏ ట్రిబ్యునలూ ఇప్పించలేదు.

కూతుళ్లే ఉన్నవారి విషయంలో వలసవచ్చినవారికీ స్థానికులకూ ఓ చక్కని పోలిక ఉంది. మన ఇల్లరికం లాంటిదే ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో, ముఖ్యంగా గోండుల్లో, 'లమ్‌సేనా' ఆచారం. అల్లుడు అత్తవారింట ఉండి సేద్యం చేస్తాడు, వాళ్ల ముసలితనానికి అండగా ఉంటాడు. రెండుచోట్లా ఇల్లరికపు అల్లుడి మీద ఛలోక్తులకు కొదవలేదు. రెండుచోట్లా ఆ ఏర్పాటు బతకడానికి ఆధారం భూమి. భూమి ఫ్యాక్టరీకి పోయిన గ్రామంలో లమ్‌సేనా ఎందుకు వస్తాడు? ఊరొదిలి వచ్చిన తెలుగువాడి క్వార్టర్‌లోకి ఇల్లరికం ఎవరొస్తారు?

భాష ఇంకో చిక్కు. భిలాయ్‌లో పుట్టిన తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు వస్తుంది, చదవడం చాలామందికి రాదు. మూడో తరానికి హిందీయే మాతృభాషలా తయారైంది. వయసు పైబడి మతిమరుపు జబ్బు వచ్చినవారిలో తర్వాత నేర్చిన భాషలు ముందు జారిపోయి చిన్ననాటి భాష మిగలడం వలసజీవులున్న ప్రతిచోటా వైద్యులు గమనించేదే. నలభై ఏళ్లు హిందీలో షిఫ్టు నడిపిన మనిషి ఉన్నట్టుండి నాగావళి ఒడ్డు తెలుగులో మాట్లాడడం మొదలుపెడతాడు. మనవడికి సగం అర్థం కాదు. జ్ఞాపకశక్తిని కొలవడానికి హిందీలో ప్రశ్నలడిగే డాక్టరుకు జబ్బు ఎంత ముదిరిందో, భాష ఎంత పోయిందో వేరుచేయడం కష్టం. 'ఇంటికెల్దాం' అని ఆయన సాయంత్రమయ్యేసరికి గుమ్మంలో నిలబడితే, ఏ ఇంటికో ఇంట్లోవాళ్లకు తెలుసు. ఆ ఇల్లు కూలి ఇరవై ఏళ్లయి ఉంటుంది.

కొడుకూ కోడలూ ఊళ్లో లేని సెక్టర్ ఇళ్లలో ఈ పని జీతానికి చేసే మనుషులున్నారు. వారిలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల నుంచీ, బస్తీల నుంచీ వచ్చే ఛత్తీస్‌గఢీ మహిళలు. పాచిపనికి కుదిరి, అంట్లు తోముతూ, ఆ ఇంటి పెద్దావిడ మంచం పట్టాక క్రమంగా ఆమె పనులన్నీ చూసేదాకా వచ్చినవారే వీరు. నర్సింగు చదవలేదు. పుండు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలని చూసి నేర్చుకున్నారు. తెలుగు రాకపోయినా 'నీళ్లు', 'నొప్పి', 'అమ్మ' తెలుసు. తిండి దగ్గర వారికి అసలు ఇబ్బందే లేదు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున్నే ఉల్లిపాయతో తినే చద్దన్నం ఛత్తీస్‌గఢ్‌లో 'బాసీ'. 2022 మే డే నాడు ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపుతో నాయకులూ అధికారులూ కూడా దాన్ని తిని ఫొటోలు దిగారు. పళ్లు లేని శ్రీకాకుళం అవ్వకు అదేమిటో ఎవరూ వివరించనక్కర్లేదు.

అలా తెలుగువారి తల్లికి గంజి పట్టిస్తున్న ఆమెకు తన ఊళ్లో ఒక అత్త ఉంటుంది. 'సియాన్' అని ఛత్తీస్‌గఢీలు గౌరవంగా పిలుచుకునే పెద్దతరం వారు పగలంతా ఇంటి ముందు అరుగు మీద ఒంటరిగానో, పదేళ్ల మనవరాలి కాపలాలోనో గడుపుతారు. అమెరికాలో ఉన్న కొడుకు పంపే డాలర్లు భిలాయ్ సెక్టర్‌లో ఒక మనిషిని కొంటే, ఆ మనిషి విడిచివచ్చిన చోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని పూరించడానికి అక్కడ ఎవరికీ స్తోమత ఉండదు.

ఆ ఖాళీలో కొంత మేరకైనా కనిపించేది 'మితానిన్'. ఛత్తీస్‌గఢ్‌లో ఇద్దరు వ్యక్తులు కులాలకు అతీతంగా జీవితాంతం స్నేహితులుగా ఉంటామని ఒట్టు వేసుకునే పాత ఆచారం ఉంది. మితానిన్ అంటే అలాంటి స్నేహితురాలు. కొత్త రాష్ట్రం ఏర్పడిన రెండేళ్లకు, 2002లో, పల్లెకో పాడాకో ఒక మహిళను ఎంచి ఆరోగ్య కార్యకర్తగా తీర్చిదిద్దే కార్యక్రమానికి ఆ పేరే పెట్టారు. దేశమంతా 2005 నుంచి వచ్చిన 'ఆశా' వ్యవస్థకు అది ఒక నమూనా. మొదట గర్భిణులు, పసిపిల్లల కోసం మొదలైనా, బీపీ మాత్రలు మింగారా లేదా అని ముసలివాళ్లను గదమాయించే పని కూడా మితానిన్‌దే అయింది. 2019 అక్టోబరులో మొదలుపెట్టిన హాట్ బజార్ క్లినిక్ పథకం మరో తెలివైన ఆలోచన. ఆసుపత్రికి వెళ్లని ఆదివాసీ వృద్ధుడు కూడా వారం వారం సంతకు వస్తాడు. కాబట్టి డాక్టరే సంతకు వెళ్లాలి. నడవగలిగినవాడికి ఇది వరమే. మంచం పట్టినవాడు సంతకు రాలేడు.

పేరుప్రతిష్ఠలు కూడా ఈ విషయంలో పెద్దగా రక్షణ కావు. భిలాయ్ పక్కనున్న గనియారీలో పార్ధీ ఆదివాసీ కుటుంబంలో పుట్టి, పండవానీ గానంతో దేశదేశాలు తిరిగిన తీజన్ బాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి కూడా. 2019లో పద్మవిభూషణ్ అందుకున్న ఆమె ఆ తర్వాత తీవ్ర అనారోగ్యంతో మంచం పట్టారు. 2025 నవంబరు 1న, ఛత్తీస్‌గఢ్ ఏర్పడి పాతికేళ్లయిన రోజున, ప్రధాని ఆమె కుటుంబానికి ఫోన్ చేసి యోగక్షేమాలు కనుక్కున్నారు. కర్మాగారం పుస్తకంలో పేరూ, పద్మ పురస్కారాలూ ఉన్న మనిషికి కూడా రోజువారీ సేవ చేసింది ఇంటివాళ్లే.

ఉక్కుకు ఖనిజం వచ్చే చోటికి వెళ్తే కథ మరో మలుపు తిరుగుతుంది. భిలాయ్‌కి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న దల్లీ రాజహరా ఇనుప గనుల్లో చేత్తో రాయి కొట్టి, లారీల్లోకి ఎత్తినవారు ఎక్కువగా స్థానిక ఆదివాసీలు, దళితులు, అందులోనూ సగం మంది ఆడవాళ్లు. కాంట్రాక్టు కూలీలు కాబట్టి కంపెనీ వైద్యం వారికి దూరం. 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలో వారు ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్ పెట్టుకున్నారు. అదే ఏడాది జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. యూనియన్‌లో ముఖ్యురాలైన ఒక మహిళ ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక మరణించడంతో సొంత ఆసుపత్రి కట్టుకోవాలన్న పట్టుదల పెరిగింది. వినాయక్ సేన్, ఆశిష్ కుండూ, శైబల్ జానా లాంటి డాక్టర్లు వచ్చి చేరారు. కూలీలు తమ డబ్బుతో, తమ చేతులతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రి 1983 జూన్ 3న మొదలైంది. ప్రారంభించడానికి మంత్రుల్ని పిలవలేదు. ఒక వృద్ధ గని కార్మికుడు, ఒక వృద్ధ రైతు ఆ పని చేశారు. కార్మికుల పిల్లలే శిక్షణ పొంది అందులో ఆరోగ్య కార్యకర్తలయ్యారు. పుస్తకంలో పేరు లేనివాళ్లు తమ పుస్తకం తామే రాసుకున్న సందర్భం ఈ ప్రాంతంలో ఇదొక్కటే అనొచ్చు.

భిలాయ్‌లో అలాంటిది జరగలేదు. ప్రైవేటు ఫ్యాక్టరీల కాంట్రాక్టు కార్మికులను పర్మినెంటు చేయాలన్న పోరాటం 1990లో ఊపందుకున్నాక, 1991 సెప్టెంబరు 28న నియోగి భిలాయ్‌లోని తన ఇంట్లో నిద్రిస్తుండగా హత్యకు గురయ్యారు. 1992 జులై 1న పవర్ హౌస్ రైల్వే స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు చనిపోయారు. ఆ రోజు ముప్ఫైల్లో ఉన్నవారు ఇప్పుడు అరవైలు దాటారు. రిజిస్టరులో పేరు కోసం వారు అప్పుడు అడిగినదానికి అర్థం ఇప్పుడు, ఆసుపత్రి మెట్ల దగ్గర, బాగా తెలుస్తోంది.

పారిశ్రామిక పట్టణంలో వలసకూలీ ముసలివాడవడం ఒక్క భిలాయ్ సమస్య కాదు. జర్మనీ 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని రూర్ ప్రాంతపు బొగ్గు గనులకూ ఉక్కు మిల్లులకూ మనుషుల్ని రప్పించుకుంది. రెండేళ్లు పనిచేసి వెళ్లిపోతారనుకున్న ఆ 'అతిథి కార్మికులు' వెళ్లలేదు. వెళ్తామనుకుంటూనే ముసలివాళ్లయ్యారు. వారిలో చాలామంది ఇప్పటికీ ఏడాదిలో కొన్ని నెలలు టర్కీలో, వైద్యం కోసం మిగతా నెలలు జర్మనీలో గడుపుతారు. మన వలసదారుకూ వారికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. జర్మనీలో 1995 నుంచి దీర్ఘకాలిక సంరక్షణ బీమా అమల్లో ఉంది. మంచం పట్టినవారిని ఇంట్లో చూసుకునే కూతురికో కోడలికో ఇచ్చేందుకు దాని కింద నెలనెలా కొంత సొమ్ము వస్తుంది. రూర్కెలా ఉక్కు కర్మాగారానికి సాయపడ్డ జర్మనీ నుంచి ఫర్నేసులు తెచ్చుకున్నాం. ఇది తెచ్చుకోలేదు.

మన దగ్గర 2024 అక్టోబరు 29 నుంచి డెబ్బై దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు కింద ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఉచిత వైద్యం ఉంది. క్యాంపులోని కాంట్రాక్టు కూలీకి జీవితంలో మొదటిసారి దక్కిన పెద్ద ఆసరా ఇది, కొట్టిపారేయడానికి వీల్లేదు. అయితే అది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ అవుతుంది. ఆ తర్వాత ఆర్నెల్లు ఇంట్లో లేపి కూర్చోబెట్టే మనిషికి, డైపర్లకు, రోజూ మింగే మాత్రలకు అందులో పైసా రాదు. ముసలితనంలో కుటుంబాన్ని కుంగదీసేది ఆ ఆర్నెల్లే. పనికి వెళ్లే కోడలు ఆర్నెల్లు మానేస్తే ఇంట్లో పోయే జీతం ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఖర్చుగా కనిపించదు.

విశాఖకు వెళ్లిపోవాలన్న ఆలోచన సెక్టర్లలోని తెలుగు ఇళ్లలో ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారం మొదలైనప్పుడు అనుభవమున్న కొందరు అటు మారిపోయారు. మరికొందరు రిటైరైన డబ్బుతో గాజువాక వైపు ఇల్లు కొనుక్కున్నారు. కొనుక్కున్నవారిలోనూ అందరూ వెళ్లలేదు. వెళ్లిన చోట పలకరించేవారు తెలుగువారే, కానీ తెలిసినవారు కారు. గుండెకూ కిడ్నీకీ పదిహేనేళ్లుగా మందులు రాస్తున్న డాక్టరు, పాత రిపోర్టులు, ఆ మెడికల్ బుక్ పనిచేసే ఆసుపత్రి అన్నీ భిలాయ్‌లోనే ఉన్నాయి. చివరి చూపుకు ఊరికి తీసుకెళ్లే పద్ధతి కూడా తగ్గిపోయింది. అస్థికలు దుర్గ్ పక్కన పారే శివనాథ్ నదిలోనే కలుపుతున్న కుటుంబాలు ఉన్నాయి.

దుర్గ్ నుంచి విశాఖకు 2024 సెప్టెంబరులో వందే భారత్ రైలు వచ్చింది. ఒకప్పుడు రాత్రంతా కూర్చుని చేసిన ప్రయాణం ఇప్పుడు ఎనిమిది గంటలు. మేనల్లుడి కొడుకు పెళ్లికో, గ్రామదేవత పండక్కో వెళ్లే పెద్దవాళ్లు అందులో కనిపిస్తారు. టిక్కెట్టు తీసుకునే ముందు వాళ్లు ముహూర్తం తేదీతో పాటు ఇంకో తేదీ కూడా చూసుకుంటారు. సెక్టర్-9లో డాక్టరు మళ్లీ రమ్మన్న రోజుకు తిరిగి చేరుకునేలా రానూపోనూ ఒకేసారి బుక్ చేసుకుంటారు.